రిసెప్షన్ తరగతి తనిఖీ: నాలుగేళ్ల పిల్లల ప్రగతిని దేనితో కొలవాలి?

ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాలను తనిఖీ చేయడానికి వచ్చే ఆఫ్‌స్టెడ్ (బడులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) ఇన్‌స్పెక్టర్లు రిసెప్షన్ తరగతిని విడిగా చూస్తారు. నాలుగేళ్లు నిండిన పిల్లలకు బడిలో అదే మొదటి ఏడాది. ఈ దశకు విడిగా తీర్పు ఇవ్వడం 2014 సెప్టెంబరులో మొదలైంది. 2025 నవంబరు నుంచి అమల్లో ఉన్న కొత్త రిపోర్టు కార్డులో కూడా దీనికి సొంత స్థానం ఉంది. ‘తక్షణ మెరుగుదల అవసరం’ నుంచి ‘అసాధారణం’ వరకు ఐదు మెట్లలో ఏదో ఒక మెట్టు మీద దీన్ని నిలబెడతారు. ఆ మెట్టు ఏదో తేల్చే ప్రశ్నల్లో అన్నిటికన్నా చిక్కుది ఒకటుంది. ఈ పిల్లలు ఇక్కడికి వచ్చాక ముందుకు వెళ్లారా, వెళ్తే ఎంత?

పదకొండేళ్ల పిల్లలకైతే ప్రాథమిక బడిలో ఆఖరిదైన ఆరో సంవత్సరం (ఇయర్ 6) చివర జాతీయ పరీక్షలు ఉంటాయి. ఆ మార్కులు ముందు పెట్టుకుని వాదించుకోవచ్చు. రిసెప్షన్‌లో అలాంటి ఆధారం చేతికి అందదు. చేరిన తొలి ఆరు వారాల్లో ప్రతి పిల్లకూ బేస్‌లైన్ (ప్రారంభ స్థాయి) మదింపు జరుగుతుంది కానీ, దాని మార్కులు బడికి చెప్పరు. ఒక్కో పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో ఏడాది చివర టీచరు రాసే మదింపును ప్రొఫైల్ అంటారు, దానికి గడువు జూన్ 30. ఇన్‌స్పెక్టర్లు నవంబరులోనో ఫిబ్రవరిలోనో వస్తే, ఆ పిల్లల గురించి జాతీయ స్థాయి అంకె ఒక్కటి కూడా ఉండదు. కళ్లతో చూసి, పిల్లలతో మాట్లాడి, టీచర్లను అడిగి తేల్చుకోవాల్సిందే. ఇది లోపంలా కనిపించినా, ఈ వయసు పిల్లల విషయంలో సరైన పద్ధతి ఇదే. అంకెలతో తేల్చాలని ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నాలు ఎక్కడ చెడ్డాయో చూస్తే కారణం తెలుస్తుంది.

పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల వరకు వర్తించే చట్టబద్ధమైన చట్రం పేరు ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్. బడుల్లో అందరూ ఈవైఎఫ్‌ఎస్ అంటారు. 2008 సెప్టెంబరులో మొదలై, 2012లోనూ 2021లోనూ పెద్ద మార్పులకు లోనైంది. ఇందులో ఏడు రంగాలున్నాయి. మాట–భాష, శారీరక ఎదుగుదల, వ్యక్తిగత–సామాజిక–భావోద్వేగ ఎదుగుదల అనే మూడూ పునాది రంగాలు. చదవడం–రాయడం, గణితం, చుట్టూ ఉన్న ప్రపంచం, కళలు అనే నాలుగూ వాటి మీద నిలిచేవి. రిసెప్షన్ ముగిసేనాటికి పిల్లలు చేరాలనుకునే లక్ష్యాలు మొత్తం 17. ఒక్కో లక్ష్యం దగ్గర టీచరు ‘చేరారు’ అనో ‘ఇంకా చేరుతున్నారు’ అనో రాస్తారు. ‘మించిపోయారు’ అనే మూడో గడిని 2021లో తీసేశారు. మొదటి మూడు రంగాలతో పాటు చదవడం–రాయడం, గణితం కలిపితే 12 లక్ష్యాలవుతాయి. ఆ పన్నెండింటినీ చేరిన పిల్లలకు ‘మంచి ఎదుగుదల స్థాయి’ వచ్చినట్టు లెక్క. 2018–19లో దేశం మొత్తమ్మీద 71.8 శాతం పిల్లలు ఆ స్థాయికి చేరారు. కోవిడ్ తర్వాత నిర్వచనం మారింది కాబట్టి ఆపై అంకెలను దానితో నేరుగా పోల్చకూడదు. 2021–22లో 65.2 శాతం, 2023–24లో 67.7 శాతం. 2028 నాటికి 75 శాతానికి తేవాలని ప్రభుత్వం 2024 డిసెంబరులో లక్ష్యం పెట్టుకుంది.

అంకెల మెట్లు ఎందుకు కూలాయి

2012లో విడుదలైన మార్గదర్శక పత్రం పిల్లల ఎదుగుదలను నెలల పట్టీలుగా విడగొట్టింది: 16–26 నెలలు, 22–36 నెలలు, 30–50 నెలలు, 40–60 నెలలు, ఇలా. పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కావాలనే పెట్టారు. పిల్లలు ఒకే వేగంతో ఎదగరని గుర్తుచేయడమే అందులోని ఉద్దేశం. 33 నెలల పిల్ల రెండు పట్టీల్లోనూ ఉంటుంది. అయితే ప్రగతిని కొలిచే సాఫ్ట్‌వేర్లు ఒక్కో పట్టీని మళ్లీ మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక మెట్టుగా లెక్కించాయి. ‘ఈ ఏడాది సగటున ఇన్ని మెట్లు ఎక్కారు’ అని గ్రాఫులు గీశాయి. ఆ మెట్ల ఎత్తు సమానమని ఎవరూ నిరూపించలేదు. కత్తెర పట్టుకోవడంలో ఒక మెట్టూ, తోటి పిల్లల కోపాన్ని అర్థం చేసుకోవడంలో ఒక మెట్టూ ఒకటే ఎలా అవుతాయి? వాటిని కూడి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు.

పని భారం సంగతి వేరే చెప్పాలి. 30 మంది పిల్లలు, 17 అంశాలు అంటే ఒక్కసారికే 510 నిర్ణయాలు. ఏడాదికి మూడుసార్లు చేస్తే 1,530. ఒక్కోదానికి ఫొటో, కింద రెండు వాక్యాలు. ఇసుక తొట్టి దగ్గర పిల్లవాడు ఏదో చెప్పబోతుంటే టీచరు ట్యాబ్లెట్ పైకెత్తి ఫొటో తీస్తోంది. అక్కడ జరగాల్సిన సంభాషణ ఆగిపోయింది. నాలుగేళ్ల పిల్లలకు పెద్దవాళ్లతో మాటే అన్నిటికన్నా పెద్ద పాఠం. దాన్ని ఖర్చుచేసి దాని గురించిన రికార్డు తయారుచేయడం ఎంత నష్టమో ఆ తరగతుల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. 2021 చట్రం దీన్ని సూటిగా పట్టించుకుంది. మదింపు పేరుతో పిల్లలకు ఎక్కువసేపు దూరం కావద్దని, తాము చూసి తెలుసుకున్నదాన్ని నిరూపించడానికి కాగితాలు పోగేయనక్కర్లేదని స్పష్టం చేసింది. అంతకు ముందే, 2019 సెప్టెంబరు నుంచి, బడి తన కోసం తయారుచేసుకున్న ప్రగతి డేటాను ఇన్‌స్పెక్టర్లు సాక్ష్యంగా చూడటం మానేశారు.

ఆ డేటాలో ఇంకో లోపం ఉండేది, ఎవరూ మోసం చేయకపోయినా సరే. సెప్టెంబరు రెండో వారంలో టీచరు మొదటి స్థాయి నమోదు చేస్తుంది. పిల్లలకు ఆ గది కొత్త, ఆ ముఖాలు కొత్త. మాట్లాడగలిగిన పిల్ల కూడా నోరు విప్పదు. టీచరు తాను కళ్లారా చూసినదే రాయాలి కాబట్టి తక్కువే రాస్తుంది. డిసెంబరుకల్లా పిల్ల అలవాటుపడి గలగలా మాట్లాడుతుంది, రికార్డులో ‘వేగవంతమైన ప్రగతి’ కనిపిస్తుంది. అందులో చాలా భాగం నేర్చుకున్నది కాదు, పరిచయం పెరగడం. ప్రారంభ స్థాయి తక్కువుంటే ప్రగతి ఎక్కువ కనిపిస్తుందన్న సంగతి బడికి తెలిసినప్పుడు, అనుమానమున్న చోటల్లా తక్కువే రాయడం సహజంగా జరిగిపోతుంది. ఏడాది చివర టీచరు చేతిలోనే రెండో కొస కూడా ఉంటుంది. రెండు కొసలూ ఒకే చేతిలో ఉన్న కొలతను బయటివాళ్లు నమ్మాలంటే కష్టం.

చిన్న తరగతి, పెద్ద ఊగిసలాట

ఒక సెక్షన్ మాత్రమే ఉన్న బడిలో రిసెప్షన్ పిల్లలు 30 మంది. ఒక్క పిల్ల అటు ఇటు అయితే 3.3 శాతం మారిపోతుంది. దేశ సగటుకు సరిగ్గా సమానంగా, అంటే 68 శాతం దగ్గర పనిచేసే బడిని ఊహించుకోండి. ఏ పిల్లలు ఆ ఏడాది చేరారన్న అదృష్టం వల్లే ఆ బడి ఫలితం 95 శాతం సందర్భాల్లో సుమారు 51 నుంచి 85 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. బడి పనితీరు ఏమీ మారకుండానే. 60 మంది ఉంటే ఆ పరిధి 56 నుంచి 80 వరకు తగ్గుతుంది, అయినా చాలా వెడల్పే. గత ఏడాది 77, ఈ ఏడాది 63 అని చూపించి ‘పడిపోయింది’ అనే గవర్నర్లూ (బడి పాలకమండలి సభ్యులు), 60 నుంచి 73కి పెరిగిందని పండగ చేసుకునే హెడ్ టీచర్లూ, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఆ తేడా నలుగురు పిల్లలు. ఆ నలుగురెవరో, వాళ్లకు ఏది రాలేదో అడిగితే పది నిమిషాల్లో అసలు సంగతి బయటపడుతుంది. మూడేళ్ల ఫలితాలు కలిపి చూస్తే కొంత నయం. ప్రొఫైల్ ఫలితాలను ప్రభుత్వం స్థానిక సంస్థల స్థాయిలో ప్రచురిస్తుంది తప్ప ఒక్కో బడికి విడిగా ప్రచురించదు. ఇంత చిన్న సంఖ్యలకు అది మంచి నిర్ణయమే.

పుట్టిన నెల ఇంకో పెద్ద కారణం. ప్రవేశానికి ఆగస్టు 31 గీత. సెప్టెంబరు 1న పుట్టిన పిల్లకు బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండుతాయి. ఆగస్టు 31న పుట్టిన పిల్లకు అప్పుడే నాలుగు నిండుతాయి. ఒకే గది, ఒకే చాప, మధ్యలో దాదాపు ఏడాది తేడా. నాలుగేళ్ల జీవితంలో అది పావు వంతు. ప్రొఫైల్‌లో వయసును బట్టి సవరణ ఉండదు, 17 లక్ష్యాలూ అందరికీ ఒకటే. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య కూడా ‘మంచి ఎదుగుదల స్థాయి’లో 2023–24లో సుమారు 14 శాతం పాయింట్ల తేడా ఉంది. వేసవిలో పుట్టిన మగపిల్లలు ఎక్కువున్న తరగతి ఫలితం ఇతర తరగతుల కన్నా తక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు. అలాగని ఇన్‌స్పెక్టరు దాన్ని సాకుగా ఒప్పుకోనక్కర్లేదు. ‘వాళ్లు చిన్నవాళ్లండీ’ అన్న మాట తర్వాత ‘అందుకని ఏం చేస్తున్నారు’ అన్న ప్రశ్న రావాలి. పెన్సిల్ పట్టుకోవడానికి వేళ్లలో బలం రాని పిల్లవాడికి మరో వర్క్‌షీట్ ఇస్తున్నారా, పిండి ముద్దలు పిసకడం, బట్టల క్లిప్పులు నొక్కడం, నిచ్చెన కమ్మీలకు వేలాడటం వంటివి రోజూ చేయిస్తున్నారా అన్నది చూస్తే తెలిసిపోతుంది.

గదిలో ఏం చూడాలి

ప్రగతి అంటే, నేర్పాలనుకున్నదాంట్లో పిల్లలు ఎంత నేర్చుకున్నారు, ఎంత గుర్తుంచుకున్నారు, దాన్ని వేరే చోట వాడగలుగుతున్నారా అన్నదే. కాబట్టి మొదటి ప్రశ్న పిల్లల గురించి కాదు, పాఠ్యక్రమం గురించి. ఈ వారానికి ఏం నేర్పాలనుకున్నారు? అర్ధ టర్ము (ఆరేడు వారాలు) ముగిసేలోపు ఏది వచ్చి ఉండాలి? దీనికి టీచరు దగ్గర సూటి జవాబు లేకపోతే, పిల్లలు ఎంత చురుగ్గా ఆడుకుంటున్నా ప్రగతిని తేల్చడానికి ఆధారం ఉండదు. ‘ఈ వారం థీమ్ సముద్రం’ అన్నది జవాబు కాదు. ‘పీత, గవ, అల, లోతు, తేలడం, మునగడం అనే మాటలు అందరూ సొంతంగా వాడాలి; ఐదు వరకు వస్తువులను లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పాలి’ అన్నది జవాబు.

అంకెల విషయమే కాస్త దగ్గరగా చూద్దాం. ఒకటి నుంచి ఇరవై వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు దాదాపు ప్రతి తరగతిలో కనిపిస్తారు. అది వల్లెవేత మాత్రమే కావచ్చు. లక్ష్యం అడిగేది వేరు: పది వరకు అంకెల లోతైన అవగాహన, ఐదు వరకు వస్తువులను చూడగానే గుర్తించడం, ఐదు లోపల కూడికలూ తీసివేతలూ తడుముకోకుండా చెప్పడం. ఇన్‌స్పెక్టరు ఐదు గుండీలు బల్ల మీద పెట్టి, ‘ఎన్నున్నాయి’ అంటారు. ఒక పిల్ల వేలితో ఒక్కోటి తాకుతూ ఐదు అంటుంది. ఇంకో పిల్ల చూడగానే ఐదు అంటుంది. ఇప్పుడు గుండీలను దూరం దూరంగా జరిపి మళ్లీ అడిగితే, మొదటి పిల్ల మళ్లీ లెక్క మొదలుపెట్టవచ్చు. పరిచి పెడితే సంఖ్య మారదన్న నమ్మకం ఇంకా కుదరలేదు. ఆపై రెండు గుండీలను గుప్పిట్లో దాచి, ‘నా చేతిలో ఎన్ని’ అనాలి. బల్ల మీద మూడు కనిపిస్తున్నాయి. ఐదంటే మూడూ రెండూ అని తెలిసిన పిల్ల వెంటనే చెబుతుంది. ఇంకొందరు గుప్పిటి వైపే చూస్తూ ఊరుకుంటారు. మూడు నిమిషాల్లో ఇంత సమాచారం వస్తుంది. ఈ పనినే మధ్యాహ్నం వేరే వస్తువులతో, బయట మట్టిలో రాళ్లతో చేసి చూస్తే, పొద్దున వచ్చింది నిజంగా వచ్చిందో లేదో తేలుతుంది.

చదవడంలోనూ అంతే. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అక్షరాల శబ్దాలతో మొదలయ్యే బోధన పథకాలు ఎక్కువ. వాటితోనే పిన్, ట్యాప్, సిట్ లాంటి మాటలు కూడబలుక్కోవచ్చు. ఏడాది చివరికి ప్రతి అక్షరానికీ శబ్దంతో పాటు, రెండక్షరాలు కలిసి ఒకే శబ్దమిచ్చే జంటలు (షిప్‌లో ఎస్‌హెచ్ లాంటివి) కనీసం పది రావాలి. ఇన్‌స్పెక్టరు పిల్ల చేత పుస్తకం చదివించేటప్పుడు ముందు చూడాల్సింది పుస్తకాన్నే. అందులో ఇంతవరకు నేర్పని శబ్దాలుంటే పిల్ల బొమ్మ చూసి ఊహిస్తుంది. గుర్రం బొమ్మ ఉన్నచోట పోనీ అని రాసి ఉన్నా హార్స్ అంటుంది. ఆ తప్పు పిల్లది కాదు, పుస్తకం ఇచ్చినవాళ్లది. ఇంటికి పంపే పుస్తకాలూ తరగతిలో నేర్పే శబ్దాలూ పొంతన లేకుండా ఉండటం ఈ దశలో తరచూ కనిపించే లోపం. సరిచేయడం కూడా తేలికే. పుస్తకాలను శబ్దాల వరసలో బుట్టలుగా వేరుచేసి, పిల్ల ఏ బుట్ట వరకు వచ్చిందో చూసి ఇస్తే చాలు.

మాట–భాష రంగాన్ని చూడటం కష్టం, ఎందుకంటే అక్కడ పట్టుకోవడానికి వస్తువు ఉండదు. తరగతిలోని ఒక టీచరు పక్కన పది నిమిషాలు కూర్చుని, ఒక్కో పిల్లతో మాట ఎన్ని సార్లు అటూ ఇటూ వెళ్లిందో గమనించాలి. ‘ఇది ఏ రంగు?’ ‘ఎరుపు.’ ‘వెరీ గుడ్.’ అక్కడితో సరి. అలాంటివి పది జరిగినా మాట పెరగదు. ‘నీ గోపురం ఎందుకు వంగిపోయిందంటావు?’ అని అడిగి, ఆరేడు సెకన్లు ఓపిక పట్టి, పిల్ల చెప్పిన ముక్కను కొంచెం పెంచి తిరిగి చెబితే సంభాషణ నాలుగైదు మలుపులు తిరుగుతుంది. ఆ ఓపిక ఏ పిల్లలకు దక్కుతోందో చూడటం ఇంకా ముఖ్యం. చొరవగా వచ్చి చేయి పట్టుకునే పిల్లలకే అన్ని మాటలూ దక్కి, మూలన కార్లు వరసపెట్టుకునే బాబుకు పొద్దుటి నుంచి ఎవరూ పలకరింపు కూడా ఇవ్వకపోతే, ఆ తరగతి సగటు ఎంత బాగున్నా ప్రగతి అందరిదీ కాదు.

తనిఖీ ఎక్కడ దారి తప్పుతుందో ఇక్కడే చెప్పాలి. మాటకారి పిల్లలు ఇన్‌స్పెక్టరు దగ్గరికి తామే వస్తారు, వాళ్లతో మాట్లాడి ఊరుకుంటే చిత్రం మొత్తం మారిపోతుంది. ముందు రోజు చేయించిన పాఠాన్నే మళ్లీ చేయిస్తుంటే పిల్లల జవాబులు బాగానే ఉంటాయి, మూడు వారాల కిందటి పాఠం అడగాలి. ఒక పిల్లవాడు గంటసేపు మూడు చక్రాల సైకిల్ వదల్లేదంటే అది తప్పని తీర్మానించనక్కర్లేదు. ‘ఈ బాబు ఈ వారం రాత బల్ల దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాడు’ అని అడిగితే, టీచరు తడుముకోకుండా చెప్పగలిగి, సైకిళ్లకు నంబరు ప్లేట్లు రాయించడంతో అతన్ని రాతలోకి తెచ్చిన సంగతి వివరిస్తే, అది మంచి బోధన. ‘ఆటలో నేర్చుకుంటారండీ’ అని ఊరుకుంటే కాదు. రిసెప్షన్ గదిలో ఆటా పాఠమూ కలిసే ఉంటాయి, పెద్ద తరగతుల తనిఖీకి అలవాటుపడిన కళ్లకు అది గందరగోళంగా కనిపించవచ్చు. ఈ వయసు పిల్లల మధ్య పనిచేసిన అనుభవం లేని ఇన్‌స్పెక్టరుకు రిసెప్షన్ అప్పగించడం బడికీ పిల్లలకూ అన్యాయమే.

ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలు

రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, తూర్పు లండన్ బడుల్లో చేరుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులకు ఈ భాగం నేరుగా పనికొస్తుంది. మాట–భాష, చదవడం–రాయడం లక్ష్యాలను ఇంగ్లిషులోనే మదింపు చేయాలి. మిగతా రంగాలను మాత్రం పిల్ల ఇంటి భాషలోనూ చూడవచ్చు. అంటే ‘ఐదులోంచి రెండు తీస్తే మూడు’ అని తెలుగులో చెప్పే పిల్లకు ఆ గణితం వచ్చినట్టే లెక్క. ఇంగ్లిషు అంతగా రాని పిల్ల విషయంలో, ఇంటి భాషలో ఏం చెప్పగలదో తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవాలని చట్రమే చెబుతోంది. కొత్త భాషలో పడిన పిల్లలు కొన్ని నెలలు నోరు విప్పకుండా వినడం మామూలే. ఆ మౌనాన్ని వెనకబాటుగా రాస్తే పొరపాటు, పట్టించుకోకుండా వదిలేస్తే ఇంకా పెద్ద పొరపాటు. తెలుగులో కూడా రెండు మూడు మాటల వాక్యాలు దాటకపోతే అది భాష కొత్తదనం కాదు, మాట ఆలస్యం. నిపుణులకు చూపించాలి. ఈ రెండింటి మధ్య తేడా పట్టుకోవడానికి బడికి ఉన్న ఏకైక దారి ఇంటివాళ్ల మాట. కాబట్టి మొదటి సమావేశంలోనే పిల్ల తెలుగులో కథ చెబుతుందా, ప్రశ్నలడుగుతుందా, ఎంతవరకు లెక్కపెడుతుంది, ఏ ఆట ఇష్టం అన్నవి రాసి ఇవ్వడం మంచిది. ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడితే తొందరగా వస్తుందనుకుని తెలుగు మానేయనక్కర్లేదు. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండోదానికి ఆసరా. ఇన్‌స్పెక్టరు కూడా ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: ఈ పిల్లల గురించి ఇంటి నుంచి ఏం తెలుసుకున్నారు, దాని వల్ల తరగతిలో ఏం మార్చారు?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రగతిని 17 లక్ష్యాల మీద చూస్తే ఏడాదంతా ‘ఇంకా చేరుతున్నారు’ అనే కనిపిస్తుంది, అందులో ఏ సమాచారమూ లేదు. వాళ్లకు లక్ష్యం ఎంత నిర్దిష్టంగా రాశారన్నది చూడాలి. ‘సంభాషణ మెరుగుపడాలి’ అని రాస్తే మెరుగుపడిందో లేదో ఎవరికీ తెలియదు. ‘చిరుతిండి వేళ, ఎవరూ గుర్తుచేయకుండా, బొమ్మ కార్డు ఇచ్చి పాలు అడగాలి, వారంలో నాలుగు రోజులు’ అని రాస్తే తెలుస్తుంది.

బేస్‌లైన్, 75 శాతం, వాటి నీడ

బేస్‌లైన్ మదింపు 2021 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. సుమారు 20 నిమిషాలు, ఒక్కో పిల్లతో విడిగా, భాషా గణిత అంశాలతో. బడికి పిల్ల ఎలా చేసిందో వివరించే చిన్న వాక్యాలే అందుతాయి. ఏడేళ్ల తర్వాత అదే పిల్లలు ఆరో సంవత్సరం పరీక్షలు రాసినప్పుడు, బడి మొత్తానికి ప్రగతి లెక్కించడానికి ఆ మార్కులు తీస్తారు. మొదటిసారి అది జరిగేది 2028లో. 2015లో మూడు వేర్వేరు సంస్థల బేస్‌లైన్లను బడులు ఎంచుకోనిచ్చి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చలేమని తేలాక 2016లో ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. ఇప్పటి పద్ధతి ఆ లోపాన్ని దాటింది. మార్కులు దాచడం వల్ల రిసెప్షన్ టీచరు మీద ఒత్తిడీ తగ్గింది. కానీ ఏడేళ్లలో బడులు మారే పిల్లలు ఎక్కువున్న ప్రాంతాల్లో, మొదట కొలిచిన పిల్లలూ చివర కొలిచిన పిల్లలూ ఒకరు కాకపోవచ్చు. రిసెప్షన్ బోధన ఎలా ఉందో చెప్పడానికి ఇది ఎప్పటికీ పనికిరాదు. ఇన్‌స్పెక్టర్లు దాని జోలికి పోకపోవడమే సబబు.

75 శాతం లక్ష్యం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ ఫలితం టీచరు సొంత నిర్ణయాల మొత్తం. స్థానిక సంస్థలు టీచర్ల మదింపును సరిచూసే తప్పనిసరి మోడరేషన్ 2021లో పోయింది. ‘మించిపోయారు’ గడి కూడా లేకపోవడంతో మిగిలింది ఒక్క గీత. గీతకు కొద్ది కింద ఉన్న ముగ్గురు నలుగురిని పైకి లాగితే 30 మంది తరగతిలో బడి అంకె పది శాతం, అంతకు పైగా పెరుగుతుంది. అట్టడుగున ఉన్న పిల్లల మీద ఏడాదంతా శ్రమించినా అంకె కదలకపోవచ్చు. బాగా చేస్తున్న బడి ఈ ఆకర్షణకు లొంగదు, కానీ తనిఖీ దాన్ని పసిగట్టగలగాలి. అందుకు మార్గం తరగతిలో అన్నిటికన్నా వెనక ఉన్న ఐదారుగురి పేర్లు అడగడం. హెడ్ టీచరు ల్యాప్‌టాప్ తెరవకుండా ఆ పేర్లు, ఒక్కొక్కరికీ అడ్డుపడుతున్నది ఏమిటో, పోయిన రెండు వారాల్లో ఏం చేశారో చెప్పగలిగితే ఆ బడి తన పిల్లలను ఎరుగును. రంగురంగుల పట్టిక చూపించి ‘ఎరుపులో ఉన్నవాళ్లు ఆరుగురు’ అంటే ఇంకా అడగాల్సింది ఉంది.

ఈ పరిస్థితుల్లో బడులు దాచుకోవాల్సిన కాగితాలు కూడా తక్కువే. ఒక్కో రంగానికి, అర్ధ టర్ము వారీగా ఏం రావాలో ఒక పేజీ. శబ్దాల్లోనూ అంకెల్లోనూ ఐదారు వారాలకొకసారి చేసే చిన్న పరిశీలన ఫలితం. వెనకబడ్డ పిల్లల జాబితా, పక్కన చేస్తున్న పని. ఇంతకు మించి పిల్లల ఫొటోలతో అట్టలు కట్టిన ఫైళ్లు తల్లిదండ్రులకు సంతోషం ఇస్తాయి, ఇవ్వాలి కూడా. ఇన్‌స్పెక్టరు కోసమైతే అక్కర్లేదు.

తనిఖీ ఏ నెలలో జరిగిందన్నదాన్ని బట్టి ప్రశ్నలూ మారాలి. జూన్‌లో వస్తే ఇతరులు చదవగలిగే చిన్న వాక్యాలు, పది జంటాక్షరాలు, పది లోపు అంకెల కూర్పు చూడవచ్చు. జనవరిలో అయితే తొలి టర్ములో నేర్పిన శబ్దాలు అందరికీ నిలిచాయా, ఐదు అంకె గట్టిపడిందా, కొత్తగా చేరిన పిల్లలను ఎలా అందుకుంటున్నారు అన్నవే న్యాయమైన ప్రశ్నలు. అక్టోబరులో రిసెప్షన్ గదిలో చదువు ఫలితాలు వెతకడం వృథా. కోటు తనంతట తాను వేసుకోవడం, వంతు కోసం ఆగడం, ఒక కథ అయ్యేదాకా కూర్చుని వినడం వచ్చాయా, ప్రతి పిల్ల గురించి టీచరుకు అప్పటికే ఏం తెలుసు అన్నవి చూస్తే సరిపోతుంది. నిరుడు ఆ గదిలో ఏం జరిగిందో తెలియాలంటే పక్క గదిలోకి, రిసెప్షన్ తర్వాత వచ్చే మొదటి సంవత్సరం (ఇయర్ 1) తరగతిలోకి వెళ్లాలి. జూన్‌లో ‘చేరారు’ అని రాసిన ఆరుగురు పిల్లలను, అంచున ఉన్నవాళ్లు ఇద్దరైనా ఉండేలా ఎంచుకుని, చదివించి, ఒక వాక్యం రాయించి, ఆరు గుండీల్లోంచి రెండు దాచి అడగాలి. వేసవి సెలవుల్లో కొంత మరుపు సహజమే కాబట్టి ఒకటి రెండు తడబాట్లు లెక్కలోకి రావు. ఆరుగురిలో నలుగురు శబ్దాలు కలపలేకపోతే, నిరుటి ప్రొఫైల్ మీదా రిసెప్షన్ బోధన మీదా హెడ్ టీచరుతో ఆ మధ్యాహ్నమే మాట్లాడాలి. మొదటి సంవత్సరం టీచరును కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఆ పిల్లలకు జూన్‌లో నలభై మాటల ఫోనిక్స్ (శబ్దాలు కలిపి చదివే) పరీక్ష ఉంది, మిగిలింది ఎనిమిది నెలలే.